అమ్మకి కరెంటు ఆపొద్దు, ఆర్‌ఎన్‌ఏ సంగతి నేను చెప్తా

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కందుకూరు దగ్గర పల్లె. మా అమ్మకి 52 ఏళ్ళు. ముట్టు ఆగిపోయి రెండేళ్ళయ్యాక మళ్ళీ రక్తం కనపడతా ఉంటే ఒంగోల్లో చూపించాం, ముక్క తీసి పరీక్ష చేసి గర్భసంచి మూతి క్యాన్సర్, స్టేజి 2బి అన్నారు. ఆపరేషన్ చెయ్యరంట, కరెంటు (రేడియేషన్) పెట్టాలి, వారానికోసారి కీమో ఎక్కించాలి అన్నారు. ఆపరేషన్ చెయ్యం అన్నారంటే ఇంక లాభం లేదనా? మా తమ్ముడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తాడు, వాడు ఏదో చదివి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ వల్లే ఈ గడ్డ పెరుగుద్ది, దానికి రక్తపరీక్ష ఉండాది, దాన్నిబట్టి మందు ఇస్తారు, అది తేలేదాకా కరెంటు మొదలుపెట్టొద్దు అంటాడు. ఒక ల్యాబ్ ఏజెంటు 18 వేలు అవుద్దన్నాడు. ఇది వంశంలో వచ్చేదా, నాకూ 11 ఏళ్ళ నా కూతురికీ వస్తదా? ఊళ్ళో అమ్మ గురించి ఒక రకంగా మాట్లాడుతున్నారు. అమ్మ పైకి ఏమీ అనదు, రాత్రిళ్ళు ఏడుస్తా ఉంటది. ఏం చెయ్యాలో చెప్పక్కా.

సమాధానం:

చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి చదివేటప్పుడు ఆ చివరి మాట కాడ చాలాసేపు ఆగిపోయాను. అన్నీ చెప్తా గానీ ముందు ఇది విను, ఆసుపత్రి వాళ్ళు కరెంటుకి ఏ తేదీ ఇస్తే ఆ తేదీకే పోండి, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కోసం ఒక్క రోజు కూడా ఆగొద్దు. తమ్ముడు చదివింది అబద్ధం కాదు, ఆ సైన్సు నిజమే, అమ్మ మీద ప్రేమతోనే వాడు అంత వెతికాడు, కానీ ఆ సైన్సు ఇంకా అమ్మ మంచం కాడికి రాలేదు. ఎందుకు రాలేదో కాస్త వివరంగానే చెప్తా, ఇది వాడికి కూడా పంపు, చదువుకున్నోడు కదా, కారణం తెలిస్తే వింటాడు.

నేను డాక్టర్ని కాదు. నెల్లూరులో డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్ళు బయోకెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఇంట్లో ఈ జబ్బుని దగ్గర్నుంచి చూసినదాన్ని. అమ్మకి ఏ మందు ఎంత ఇవ్వాలన్నది ఆమెని చూసే డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్ భయం ముందు తీసేస్తా. మన వైపు డాక్టరు ఆపరేషన్ చెయ్యను అన్నాడంటే ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాడనే అనుకుంటారు, ఈ జబ్బులో అది అట్టా కాదు. 2బి అంటే గడ్డ గర్భసంచి మూతి దాటి దాని పక్కనుండే మెత్తటి కండలోకి పాకింది, కానీ కటి గోడ, అంటే నడుము కింది ఎముకల గూడు గోడ దాకా ఇంకా పోలేదు అని. అట్టాంటప్పుడు కత్తి పెడితే అంచులదాకా శుభ్రంగా తీయడం కష్టం, ఎట్టాగూ తర్వాత కరెంటు కూడా పెట్టాల్సి వస్తది, అప్పుడు రెండు వైద్యాల బాధా ఒక్క మనిషే పడాల. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 633 మంది ఆడవాళ్ళని రెండు జట్లు చేసి చూశారు, అందులో అమ్మలాగా 2బి వాళ్ళు కూడా ఉన్నారు, ఒక జట్టుకి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేశారు, ఇంకో జట్టుకి కరెంటూ కీమో కలిపి ఇచ్చారు. 2018లో లెక్కలు బయటపెట్టారు. ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నోళ్ళు ఆపరేషన్ జట్టులో 69.3 శాతం, కరెంటు జట్టులో 76.7 శాతం, మొత్తం మీద బతికున్న వాళ్ళ లెక్క రెండు జట్లలోనూ దాదాపు ఒకటే. అంటే కరెంటు అనేది ఆపరేషన్ చేతగాక ఇచ్చేది కాదమ్మా, 2బికి అసలు వైద్యమే అది. జబ్బు పూర్తిగా నయం చెయ్యాలనే ఇస్తారు. ఈ మాట అమ్మకి ఇవాళే చెప్పు, డాక్టర్లు వదిలేశారనుకుని ఏడుస్తా ఉందేమో పాపం, మన ఆడవాళ్ళు అడగరు, లోపలే పెట్టుకుంటారు.

ఇంక తమ్ముడి ఆర్‌ఎన్‌ఏ.

మన ఒంట్లో ప్రతి కణంలో ఉండే డీఎన్‌ఏలో ప్రొటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20,000 ఉంటాయి, అవన్నీ కలిపినా ప్రొటీన్ రాత ఉండేది మొత్తం డీఎన్‌ఏలో 2 శాతం లోపే. మిగతాదంతా పనికిరాని సరుకు అనేవాళ్ళు ఒకప్పుడు, జంక్ అనే పేరే పెట్టారు, నేను కూడా మొదట్లో పిల్లలకి అట్టానే చెప్పాను. తర్వాత తర్వాత తెలిసిందేమంటే ఆ మిగతా దాంట్లోంచి కూడా కణం బోలెడంత ఆర్‌ఎన్‌ఏ, అంటే డీఎన్‌ఏ రాతకి నకలు, తయారుచేసుకుంటది, ఆ ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్‌గా మారదు, కానీ ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాల, ఎప్పుడు ఆగాల అన్నదాంట్లో దానికి పెద్ద చెయ్యి ఉంది. దాన్నే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అంటారు.

మీ ఊళ్ళో చెరువు ఉంటే తూము కాడికి పోయి చూడు, ఇది పుస్తకం కన్నా బాగా అర్థమవుద్ది. వరి పండేది మడిలో. తూము కాడ నీళ్ళు కట్టే మనిషి ఒక్క గింజ కూడా పండించడు, కానీ ఏ కాలవకి ఎంత వదలాల, ఎవరి మడికి ఎప్పుడు మూయాల అనేది ఆయన చేతిలో ఉంటది, ఆయన సరిగ్గా ఉంటే ఆయకట్టంతా పండుద్ది, ఆయన చెయ్యి జారితే ఒక మడి మునుగుద్ది, ఇంకో మడి ఎండుద్ది. జీన్లు మళ్ళయితే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు ఈ నీళ్ళు కట్టేవాళ్ళు.

వీటిల్లో చిన్నవి ఉన్నాయి, పెద్దవి ఉన్నాయి. చిన్నవి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, ఆర్‌ఎన్‌ఏ రాతలో సుమారు 22 అక్షరాల పొడవు ఉంటాయి అంతే. ఫలానా ప్రొటీన్ తయారుచెయ్యమని జీను పంపే చీటీ ఒకటి ఉంటది, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటారు, ఈ చిన్నది పోయి ఆ చీటీకి అతుక్కుని దాన్ని చెల్లకుండా చేస్తది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే ఇద్దరు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో దీన్ని మొదట చూశారు, అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. 200 అక్షరాల కన్నా పొడుగ్గా ఉండేవాటిని లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అంటారు, తమ్ముడు చదివిన దాంట్లో హాటెయిర్, మలాట్ వన్ అని ఉంటాయి చూడు, అవి ఇవే.

అయితే ఇక్కడే తమ్ముడు ఒక మెట్టు వదిలేశాడు. ఆర్‌ఎన్‌ఏ వల్ల గడ్డ పెరుగుద్ది అన్నాడు కదా, పెరగడంలో దాని పాత్ర ఉంది, కానీ జబ్బు మొదలయ్యేది దానితో కాదు, హెచ్‌పీవీ అనే వైరస్‌తో. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌజెన్ అనే ఆయన 1983లో ఈ గడ్డల్లో హెచ్‌పీవీ 16 రకాన్ని, ఆ మరుసటి ఏడాది 18 రకాన్ని పట్టుకున్నాడు, 2008లో ఆయనకీ నోబెల్ వచ్చింది. గర్భసంచి మూతి క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈ రెండు రకాల వల్లే. ఈ వైరస్ ఏళ్ళ తరబడి అక్కడే తిష్ట వేసి ఈ6, ఈ7 అని రెండు ప్రొటీన్లు తయారుచేస్తది. మన కణంలో పీ53 అనే ప్రొటీన్ ఒకటి ఉంటది, కణం పాడైతే ఇంక పెరగొద్దు, ఆగు అని ఆపేది అదే, ఈ6 దాన్ని నాశనం చేస్తది. ఆర్‌బీ అనేది ఇంకో కాపలాదారు, దాన్ని ఈ7 పనిచెయ్యకుండా చేస్తది.

ఇప్పుడు చూడు, పీ53 పోవడం అంటే ఒక్క ప్రొటీన్ పోవడం కాదు. మిర్ 34ఏ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తయారవ్వాలంటే పీ53 చెప్పాల, పీ53 లేకపోతే మిర్ 34ఏ కూడా తగ్గిపోద్ది, అది తగ్గితే కణం విభజన ఆపే ఇంకో తాళం ఊడిపోయినట్టే. అంటే వైరస్ మళ్ళ మీద పడే ముందు తూము కాడ మనుషుల్ని మార్చేసిందన్నమాట. అట్టానే ఈ గడ్డల్లో మిర్ 21 బాగా పెరిగి ఉంటది, అది పీటెన్ లాంటి గడ్డని అణిచే ప్రొటీన్ల చీటీలు చెల్లకుండా చేస్తది. మిర్ 143, మిర్ 145 తగ్గి ఉంటాయి, మెగ్ 3 అనే పొడుగు ఆర్‌ఎన్‌ఏ కణాన్ని అదుపులో పెట్టేది, అదీ తగ్గి ఉంటది. హాటెయిర్ ఏమో పెరుగుద్ది, అది కొన్ని ప్రొటీన్లని వెంటబెట్టుకుని డీఎన్‌ఏ కాడికి పోయి తెరిచి ఉండాల్సిన జీన్లకి తాళం వేయిస్తది, హాటెయిర్ ఎక్కువ ఉన్న గడ్డలు లింఫు గ్రంథులకి పాకడం ఎక్కువగా కనిపించింది. మలాట్ వన్ కూడా పాకడానికి సాయం చేసేదే.

ఇంకోటి, ఇది నాకు చాలా ఆశ్చర్యంగా అనిపించింది. హెచ్‌పీవీ 16 తనకంటూ ఒక గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసుకుంటదని 2019లో తెలిసింది. మామూలు ఆర్‌ఎన్‌ఏకి కొసలు ఉంటాయి, కణం ఆ కొసల్నించి దాన్ని కొరుక్కుంటా వస్తది, గాజులాగా గుండ్రంగా ఉంటే కొసే దొరకదు కాబట్టి అది ఎక్కువ కాలం నిలుస్తది. పైగా గుండ్రటి ఆర్‌ఎన్‌ఏలని నాన్‌కోడింగ్ లెక్కలోనే వేసేవాళ్ళు, ఇది మాత్రం ఈ7 ప్రొటీన్ తయారుచేస్తా కనపడింది. పేర్లు మనం పెట్టుకున్నవి, కణం వాటిని పట్టించుకోదు.

మరి ఇంత తెలిసినప్పుడు వైద్యం ఎందుకు రాలేదు అని తమ్ముడు అడుగుతాడు, అడగాల కూడా. ఈ తెలిసినదాంట్లో ఎక్కువ భాగం గాజు పళ్ళెంలో పెంచే కణాల మీద చూసిందే. వాటిల్లో బాగా పేరున్నవి హీలా కణాలు, 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే 31 ఏళ్ళ తల్లికి ఇదే క్యాన్సర్ వస్తే ఆమె గడ్డలోంచి తీసినవి, ఆమెని అడగకుండానే తీశారు. ఆమె ఆ ఏడే చనిపోయింది, ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతానే ఉన్నాయి, వాటిల్లో హెచ్‌పీవీ 18 ఉంది. పళ్ళెంలో ఆ కణాలకి హాటెయిర్ ఆపితే పెరుగుదల తగ్గింది అని రాస్తారు, అది నిజమే, కానీ పళ్ళెంలో రక్తం ఉండదు, కాలేయం ఉండదు, జ్వరం ఉండదు. మనిషి ఒంట్లో ఆ మందు సరిగ్గా ఆ గడ్డలోకే పోవాలి, దారిలో కరిగిపోకూడదు, వేరే కణాల్లో తూములు మూసెయ్యకూడదు. ఇందాక చెప్పిన మిర్ 34ఏని మందులాగా తయారుచేసి 2013లో వేరే క్యాన్సర్ల వాళ్ళకి ఇచ్చి చూడటం మొదలుపెట్టారు, రోగనిరోధక శక్తి అడ్డం తిరిగి తీవ్రమైన దుష్ప్రభావాలు వస్తే 2016లో ఆపేశారు. ఆర్‌ఎన్‌ఏ మందులే లేవని కాదు, కొలెస్ట్రాల్‌కి ఆరు నెలలకొకసారి ఇచ్చే ఇంజక్షన్ ఒకటి ఈ దారిలోనే వచ్చింది, కానీ అది పనిచేసేది కాలేయంలో, అక్కడికి మందు చేర్చడం తేలిక. గర్భసంచి మూతి గడ్డకి అట్టాంటి మందు ఇంకా ఏదీ వైద్యంలోకి రాలేదు.

అందుకే ఆ 18 వేల పరీక్ష వద్దంటున్నా. ఏజెంటుని ఒక్క ప్రశ్న అడగమను తమ్ముణ్ణి, ఈ పరీక్షలో హాటెయిర్ ఎక్కువ అని వచ్చినా తక్కువ అని వచ్చినా మా అమ్మ వైద్యంలో ఏం మారుద్ది అని. ఏమీ మారదు. ఎక్కువ వచ్చినా కరెంటూ కీమోనే, తక్కువ వచ్చినా కరెంటూ కీమోనే. వైద్యం మారని పరీక్ష ఆమెకి ఇంకో సూదిపోటు, మీకు ఇంకో వారం నిద్రలేకపోవడం. ఆ డబ్బు ప్రయాణాలకీ తిండికీ దాచు, ఆ ఖర్చే మనల్ని తినేస్తది ఈ జబ్బులో.

తమ్ముడు రేపు ఎదురు వాదిస్తాడేమో అని ఇంకో ముక్క కూడా చెప్తా. ఆర్‌ఎన్‌ఏ పేరుతో అసలు పరీక్షలే లేవా అంటే, రెండు ఉన్నాయి, రెండూ అమ్మకి కాదు. ఒకటి వైరస్ ఈ6, ఈ7 చీటీలు పంపుతుందా అని చూసేది, కరోనా అప్పుడు ముక్కులో పుల్ల పెట్టి ఆర్‌ఎన్‌ఏ చూశారు కదా, ఇది మూతి కాడ తీసి చూస్తారు, జబ్బు లేనోళ్ళకి ముందుగా పసిగట్టడానికి. రెండోది మిర్ 124 తయారుచేసే జీను మీద రసాయన తాళం పడిందా అని చూసేది, ఐరోపాలో హెచ్‌పీవీ ఉన్న ఆడవాళ్ళలో ఎవరికి ఇంకా లోతుగా చూడాల అని తేల్చడానికి వాడుతున్నారు. అందులో కూడా చూసేది డీఎన్‌ఏనే. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ సంగతి పరీక్షగా మారి ఆడవాళ్ళకి ఉపయోగపడటం ఇట్టా మొదలైంది, నాకు సంతోషమే, ఇంకో పదేళ్ళకి నీకు వేరే జవాబు రాస్తానేమో. గడ్డకి కరెంటు ఎందుకు కొందరిలో సరిగ్గా పనిచెయ్యదు అన్నది కూడా ఈ ఆర్‌ఎన్‌ఏల వైపు నుంచి వెతుకుతున్నారు.

ఒక్కరోజు కూడా ఆగొద్దని ఎందుకంత గట్టిగా చెప్తున్నానో కూడా విను. మా పెద్దమ్మది ఉదయగిరి వైపు. ఆమెకీ ఇదే జబ్బు, అమ్మ స్టేజే. కరెంటు మొదలుపెట్టిన మూడో వారంలో విరేచనాలు పట్టుకున్నాయి, మనిషి వాడిపోయింది, అదే సమయానికి ఇంట్లో పెళ్ళి వచ్చింది. కాస్త కోలుకున్నాక మళ్ళీ పోదాంలే అని తీసుకొచ్చేశారు, నేను కూడా అప్పుడు వద్దని గట్టిగా చెప్పలేదు, 24 రోజులు ఇంట్లోనే ఉంది. ఆ 24 రోజులూ గడ్డ ఊరుకోదు. కరెంటు దెబ్బ తిని మిగిలిన కణాలు ముందుకన్నా తొందరగా పెరగడం మొదలుపెడతాయి, అందుకే ఈ వైద్యంలో మొదటి రోజు నుంచి చివరి లోపలి కరెంటు దాకా మొత్తం 8 వారాల్లో అయిపోవాల అంటారు. ఆ సంగతి నాకు తెలుసు, క్లాసులో కణ విభజన పాఠం చెప్పిన మనిషిని, ఇంట్లో నోరెత్తలేకపోయాను. ఏడాదిన్నరకి పోయింది మా పెద్దమ్మ. నువ్వు నోరెత్తు చెల్లెమ్మా, పెళ్ళి వచ్చినా, పండగ వచ్చినా, పొలం పని వచ్చినా.

మామూలుగా ఎట్టా జరుగుద్దంటే, బయటినుంచి కరెంటు వారానికి ఐదు రోజులు, 25 సార్లో ఇంకాస్త ఎక్కువో, అంటే ఐదు వారాలో ఇంకాస్త ఎక్కువో పడుద్ది. పెట్టేది కొన్ని నిమిషాలే, నొప్పి ఉండదు. వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో ఎక్కిస్తారు, అది క్యాన్సర్ కణాల్ని కరెంటుకి ఇంకాస్త లొంగేట్టు చేస్తది. ఆ తర్వాత బ్రాకీథెరపీ, లోపలినుంచి పెట్టే కరెంటు, మూడు నాలుగు సిట్టింగులు. ఈ లోపలిది చాలామంది భయపడి, సిగ్గుపడి ఎగ్గొడతారు, బయట పెట్టించుకున్నాం కదా చాల్లే అంటారు. చాలదు. గడ్డ నడిమధ్యకి గట్టి దెబ్బ పడేది దానితోనే. కాబట్టి ఆసుపత్రి ఎంచుకునేటప్పుడే అడుగు, బయట కరెంటూ లోపల కరెంటూ రెండూ మీ దగ్గరే ఉన్నాయా అని. నెల్లూరు అయినా, తిరుపతిలో టాటా ట్రస్టు వాళ్ళ సాయంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి అయినా, ముత్తులక్ష్మీ రెడ్డిగారు 1954లో పెట్టిన చెన్నై అడయారు ఇన్‌స్టిట్యూట్ అయినా, ఏది అయినా సరే, కానీ ఒకచోట మొదలుపెట్టి అక్కడే పూర్తి చెయ్యండి. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అంటాం గానీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, అది అక్కడ చెల్లుద్దో లేదో చేరకముందే కౌంటర్లో కనుక్కో, పక్క రాష్ట్రం పోతే ముఖ్యంగా.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేస్తది, అందుకే సెలైన్ పెడతారు, ఇంటికొచ్చాక కూడా నీళ్ళు బాగా తాగించు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు ఏదైనా, క్రియాటినిన్ (మూత్రపిండాలు ఎట్టా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎక్కువ ఉంటే మాత్రం కొబ్బరినీళ్ళు డాక్టర్ని అడిగే. వాంతుల మాత్ర ముందే వేసుకోవాల, వచ్చాక కాదు. విరేచనాలు మొదలైన రోజే చెప్పండి, దానికి మందులున్నాయి, మా పెద్దమ్మలాగా ఓర్చుకోవద్దు. కారం, వేపుళ్ళు ఆ రెండు నెలలు తగ్గించి మెత్తగా పెట్టు. మన ఇళ్ళల్లో చేపల పులుసు పత్యం అని ఆపేస్తారు, ఆపొద్దు, కారం తగ్గించి పెట్టు, గుడ్డు పెట్టు, ఆమెకి బలం కావాల. బయటి కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, మనవరాలు పక్కన పడుకోవచ్చు, ఒళ్ళో కూర్చోవచ్చు. జబ్బు కూడా కంచం వల్లా, గుడ్డల వల్లా, ముట్టుకుంటే అంటుకోదు. ఎవరైనా వేరే గ్లాసు పెడితే ఆ గ్లాసు తీసి అవతల పెట్టు అందరి ముందే.

వంశం సంగతి అడిగావు. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో తల్లినించి కూతురికి జీను ద్వారా వస్తది, ఇది అట్టా వంశంలో దిగే జబ్బు కాదు. ఇందాక చెప్పిన ఆర్‌ఎన్‌ఏ మార్పులన్నీ ఆ గడ్డ కణాల్లో జరిగినవి, అమ్మ కడుపులోంచి నీకు వచ్చేవి కావు. నీకు 30 దాటి ఉంటాయనుకుంటున్నా, ఈ హడావిడిలోనే ఒకరోజు నువ్వు కూడా హెచ్‌పీవీ పరీక్ష చేయించుకో, అది దొరక్కపోతే ఊళ్ళో ఏఎన్ఎమ్మమ్మని అడిగితే వీఐఏ ఎక్కడ చేస్తారో చెప్తది, వెనిగర్ లాంటి ద్రావకం మూతికి పూసి ఒక నిమిషం చూస్తారు, మార్పు ఉన్నచోట తెల్లగా తేలుద్ది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా 30 వేల మంది పైగా ఆడవాళ్ళ మీద చూశారు, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు దాదాపు సగానికి తగ్గారని 2009లో తేలింది. మనలాంటి పల్లెలే అవి.

పాపకి హెచ్‌పీవీ టీకా వేయించు, 11 ఏళ్ళు సరైన వయసు. 9 నుంచి 14 లోపు రెండు డోసులు, మధ్యలో ఆరు నెలలు, ఆ వయసులో ఒక్క డోసు కూడా బాగానే పనిచేస్తదని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో చెప్పింది. పూనే సీరం వాళ్ళు తయారుచేసిన సెర్వావ్యాక్ 2023 నుంచి దొరుకుతుంది. మీ అత్తగారింట్లో ఎవరైనా ఖమ్మం మాట ఎత్తుతారు, 2009, 2010లో అక్కడ గిరిజన బడుల్లో ఈ టీకా వేసినప్పుడు కొందరు పిల్లలు చనిపోయారని. విచారణలో ఆ చావులకి టీకా కారణం కాదని తేలింది, కానీ తల్లిదండ్రుల్ని సరిగ్గా అడగకుండా వేశారు, ఆ తప్పు మాత్రం పెద్ద తప్పే, అందుకే మనవాళ్ళలో ఇంకా భయం ఉంది, ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. ఆ తర్వాత ప్రపంచమంతా కోట్ల మంది పిల్లలకి వేశారు. పాపకి ఏం వేస్తున్నారో నువ్వు అడిగి తెలుసుకుని దగ్గరుండి వేయించు.

ఇంక ఊళ్ళో మాటలు. ఇది రాస్తా ఉంటే నాకు కోపం ఆగట్లేదు. హెచ్‌పీవీ కలయిక వల్ల వస్తదని ఎక్కడో సగం విని అమ్మ మీద మాట్లాడుతున్నారు కదా. పెళ్ళయి కాపురం చేసిన ఆడా మగా దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్ అది, జలుబు తగిలినట్టు. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ళలో ఒళ్ళే దాన్ని పంపించేస్తది, తెలియను కూడా తెలియదు. మిగిలిన కొద్దిమందిలోనే ఉండిపోయి 15, 20 ఏళ్ళకి ఇట్టా బయటపడుద్ది. ఒక్క భర్తతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి వస్తది. ఎప్పుడొచ్చింది, ఎవరినించి వచ్చింది అని చెప్పగలిగే పరీక్ష లోకంలో లేదు, కాబట్టి అమ్మ మీదా నాన్న మీదా నింద వేసే హక్కు ఎవరికీ లేదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా 27 వేల మంది ఆడవాళ్ళకి ఈ జబ్బు కొత్తగా వస్తుంది, 80 వేల మంది దాకా పోతున్నారు, వాళ్ళలో చాలామంది తెల్లబట్ట అవుతుందనో, రక్తం కనపడిందనో చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆలస్యమైన వాళ్ళే. ఈ నోళ్ళకి భయపడే ఆ సిగ్గు. అమ్మ రక్తం కనపడగానే చెప్పింది, మీరు చూపించారు, అది ఆమె చేసిన మంచి పని అని ఆమె చేతులు పట్టుకుని చెప్పు.

రాత్రి ఆమె పక్కన పడుకో. అడక్కు, ఊరికే పడుకో, ఆమే మాట్లాడుద్ది.

ఒక సంగతి నువ్వు రాయలేదు, అమ్మ హిమోగ్లోబిన్ ఎంత ఉంది? రెండేళ్ళు ఆగి మళ్ళీ రక్తం పోయిందంటే తగ్గే ఉంటది, రక్తం తక్కువుంటే గడ్డకి ఆక్సిజన్ అందక కరెంటు సరిగ్గా పనిచెయ్యదు, చాలాచోట్ల 10కి తగ్గకుండా చూసుకుంటారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. ఒంగోలు రిపోర్టుల్లో మొదటి కాగితంలోనే ఉంటది, చూసి రాయి, క్రియాటినిన్ అంకె కూడా రాయి. రక్తం ఎక్కించాల్సి వస్తే తమ్ముణ్ణి బెంగుళూరు నుంచి రమ్మను, వాడి రక్తం గ్రూపు కలవకపోయినా బ్లడ్ బ్యాంకులో ఇచ్చి అమ్మకి తగింది తీసుకోవచ్చు, ఏదో ఒకటి చెయ్యాలని తపన పడుతున్నాడు కదా వాడు.